నన్ను కొండమేకను చేసిన దీనమ్మత్త

నిన్న ఉదయం ఖరగ్‌పూర్ నిమ్‌పురా నుంచి తమ్ముడి ఫోన్.
"అక్కా, దీనమ్మత్త పోనాది."

నిజంగా షాక్. మా అందరినీ సాగనంపితే గానీ ఆవిడ కదలదనుకున్నాను.

నిన్నట్నుంచీ మా వాట్సాప్ గ్రూపులో అందరూ గొప్ప టీచర్, గొప్ప విశ్వాసి అని పెడుతున్నారు. పెట్టుకోండి. నాకు తెలిసిన అత్తని నేను పెడతాను.

అత్త మా నాన్నకి అక్క. అక్కడే స్కూల్లో బయాలజీ చెప్పేది, ఆదివారం చర్చిలో పిల్లలకి పాఠం చెప్పేది. ఎనభైల్లో ప్రతి క్రిస్మస్‌కీ మా చేత ఆఖరి తీర్పు నాటకం వేయించేది. రక్షణ పొందిన గొర్రెలు కుడివైపు. నరకానికి పోయే మేకలు ఎడమవైపు. ఎవరు ఎటన్నది అత్త ఇష్టం.

నేను ప్రతి ఏడూ మేకనే.

ఎందుకంటే మా అమ్మ ఆ ఊళ్ళోనే పూరీ గేట్ పేటలో హిందువుల ఇంట్లో పుట్టింది. పెళ్ళికి ముందే బాప్తిస్మం తీసుకుంది. అత్తకి అది చాల్లేదు.
"నీళ్ళలో ముంచితే రగతం మారిపోద్దేటి?" అనేది. అమ్మ ముందే, నవ్వుతూ.

నా మెడలో వేయడానికి ఒక అట్ట. దానిమీద పాత క్యాలెండర్‌లోంచి కత్తిరించిన నీలగిరి కొండమేక బొమ్మ. బయాలజీ టీచర్ కదా, మేకల్లో కూడా రకం చూసి ఎంచింది.

గొర్రెల తెల్ల గౌన్లన్నీ కుట్టేది ఎవరనుకున్నారు?
మా అమ్మే.

ఒక ఏడాది అన్నీ కుట్టేశాక నా కొలతకి ఇంకొకటి కుట్టింది, మెడ చుట్టూ దూది పెట్టి. చర్చి గుమ్మం దగ్గర అత్త చేతికిచ్చి బతిమాలింది. "వదినగారూ, ఈ ఒక్కేడు పిల్లని అటేపు నిలబెట్టండి."

అత్త గౌను అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగా కుట్టినావు" అంది. తీసుకెళ్ళి రైల్వే గార్డుగారి అమ్మాయికి తొడిగింది.

ఎడమవైపు నిలబడి అమ్మ వైపు చూశాను. అమ్మ చప్పట్లు కొడుతోంది.
ఆ చప్పట్లకి అత్తని ఈరోజుకీ క్షమించలేదు.

తొంభైల్లో అమ్మ పోయింది. పెట్టె పక్కనే నిలబడి అత్త పాస్టరుగారితో అంది, "ఎటేపు పోయిందో ప్రభువుకే తెలాల." నేను విన్నాను.

చాలా ఏళ్ళ తర్వాత పేపర్లో చదివాను. కొండమేకలకి డీఎన్‌ఏ పరీక్షలు చేశారట. హిమాలయాల్లోది మేకలకి దగ్గర చుట్టం. నీలగిరిది మాత్రం గొర్రెలకి దగ్గరట! ఇన్నాళ్ళూ ఆకారం చూసి రెండింటినీ ఒకే గుంపులో కట్టేశారట. ఇప్పుడు నీలగిరిదాన్ని విడదీసి వేరే పేరు పెట్టారు.

వంటింట్లో నిలబడి ఏడ్చేశాను. నవ్వు కూడా వచ్చింది.

ఆ కటింగ్ పట్టుకుని ఖరగ్‌పూర్ రైలెక్కాను. అత్త కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. మళ్ళీ చదివింది. "పొరపాటైపోనాదే" అని ఒక్క మాట అంటుందేమోనని ఆవిడ నోటివైపే చూస్తూ కూర్చున్నాను.

కళ్ళజోడు తీసింది.

"అయితే బొమ్మ మార్సాల. నిన్ను కాదు."

అని, టీ చల్లారిపోతోంది తాగమంది.

అత్తా, ఈపాటికి నువ్వూ ఆ తీర్పు వరసలో నిలబడి ఉంటావు. ఎడమవైపు పొమ్మంటే బెంగపడకు. నీ లెక్క ప్రకారం మా అమ్మ అక్కడే ఉంది. నీ కొలతకి ఒక తెల్ల గౌను కుట్టి ఉంచుతుంది. ఆవిడ అలాంటిది.

అది తొడుక్కుని ప్రశాంతంగా ఉండు.