టైలరక్క తీసిన పచ్చటి ఫొటోలు

టైలరక్క కుట్టుకు వంక పెట్టినవాళ్లు లేరు. బస్టాండు వెనక సందులో, మేడ మెట్ల కిందున్న ఇరుకు కొట్లో ఏళ్ల తరబడి మిషను తొక్కుతోంది. ఆమెకున్న దిగులల్లా ఒక్కటే. ప్రాణం పెట్టి కుట్టిన బట్ట గుమ్మం దాటిందంటే మళ్లీ కంటబడదు. ఎవరి ఒంటి మీద ఎలా అమరిందో, భుజం సరిగ్గా కూర్చుందో లేదో తెలిసే దారి లేదు.

అందుకే, అన్నయ్య తన ఫొటో స్టూడియో మూసేస్తూ సామాన్లు సర్దుతున్న రోజున, ఆమె చూపు బీరువాలోని చిన్న కెమెరా మీదే నిలిచిపోయింది. గుప్పిట్లో ఇమిడిపోయే కెమెరా. చిన్నప్పుడు దాని మీద చెయ్యి వేయబోతే అన్నయ్య ఒక్కటి అంటించేవాడు. ఇప్పుడు ఆయనే తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. బీరువా అడుగున మిగిలిపోయిన ఫిల్ము రీళ్లూ ఇచ్చాడు. వాటి గడువు ఎప్పుడో తీరిపోయిందని, బొమ్మ పడుతుందో లేదో కూడా చెప్పలేనని ముందే ఒప్పుకున్నాడు.

"పాతబడ్డ రీలు కదా, దానికి వెలుతురు ఎక్కువ కావాలి. ఎండ బాగా ఉన్నప్పుడే తియ్యి" అని మాత్రం చెప్పాడు.

మర్నాటి నుంచి బట్టల కోసం వచ్చినవాళ్లకు తిప్పలు మొదలయ్యాయి. కుట్టినవి అక్కడే తొడుక్కుని, వీధిలో ఎండకు నిలబడాలి. టిక్కుమనగానే అందరూ కెమెరా వెనక్కి వచ్చి తొంగిచూసేవాళ్లు. అక్కడ నల్లటి మూత తప్ప ఏమీ ఉండదు. రీలు అయిపోవాలి, కడిగించాలి, అప్పుడుగానీ చూడలేరని ఆమె చెబితే నవ్వేవాళ్లు. ఫొటో వచ్చేసరికి చొక్కా చిరిగిపోతుందని స్కూలు బస్సు డ్రైవరు వేళాకోళమాడాడు.

ఆ రోజుల్లోనే ఒక నర్సు తన కొత్త తెల్లకోటు తిరిగి తెచ్చింది. జేబుల చుట్టూ దారం వేరే రంగులో ఉందని, డ్యూటీలో అందరూ అడుగుతున్నారని మెల్లగా చెప్పింది. టైలరక్క కోటును వెలుతుర్లో పెట్టి తిప్పి తిప్పి చూసింది. ఆమె కంటికి కుట్టు, గుడ్డ రెండూ ఒకేలా ఉన్నాయి. నర్సు కోటు అక్కడే వదిలి వెళ్లాక ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. దారాలమ్మేవాణ్ని నోటికొచ్చినట్టు తిట్టుకుని, దారాలు కొనే కొట్టు మార్చింది. అయినా పాత ఖాతాదార్లు ఒక్కొక్కరే రావడం మానేస్తూనే ఉన్నారు.

ఒక సాయంత్రం అన్నయ్య కడిగించిన ఫొటోలు పట్టుకుని ఇంటికొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. రీలు పాడైందని, అన్నీ పసుపునీళ్లలో ముంచినట్టు వచ్చాయని, ఆశపెట్టినందుకు ఏమీ అనుకోవద్దని అన్నాడు. టైలరక్క ఒక్కో ఫొటో తిరగేస్తుంటే ఆమె ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"పసుపెక్కడుంది అన్నయ్యా? ఎంత బాగా వచ్చాయో. నర్సమ్మ కోటు చూడు, మల్లెపువ్వులా ఉంది."

తన మనసు నొప్పించకూడదని అంటోందనుకున్నాడాయన. కానీ పక్కనే కూర్చున్న టైలరక్క కూతురు ఆ ఫొటో తీసుకుని తల్లి ముఖంలోకి చూసింది. ఆ అమ్మాయి పెయింట్ల దుకాణంలో రంగులు కలిపే పని చేస్తుంది. సంచిలోంచి రంగుల కార్డు తీసి, పేర్లు కనబడకుండా చేత్తో మూసి, ఇందులో అసలు తెలుపేదో చూపించమంది. టైలరక్క మీగడ రంగు మీద వేలు పెట్టింది. ఇంకోసారి చూడమంటే లేత పసుపు మీద పెట్టింది. అన్నీ ఒకటే అయినప్పుడు ఇన్ని గళ్లు ఎందుకు అచ్చువేశారని విసుక్కుంది.

"ఒకటే కాదమ్మా" అంది కూతురు. "ఎప్పట్నుంచి నీకిలా కనిపిస్తోంది?"

టైలరక్కకు తెల్లకోటు గుర్తొచ్చింది. పాపం, దారాలవాడి తప్పేమీ లేదు. కళ్లు పోతే ఈ చేతులు ఎందుకు పనికొస్తాయన్న భయం ఒక్కసారిగా కమ్ముకుంది. తినమంటే ఆకలి లేదని వెళ్లి పడుకుంది.

మర్నాడే కూతురు ఆమెను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. శుక్లాలని, అవి నెమ్మదిగా ముదరడంతో రంగులు మారుతున్న సంగతే ఆమెకు తెలియలేదని డాక్టరమ్మ చెప్పింది. భయపడాల్సింది లేదని, ఆపరేషనుతో నయమవుతుందని ధైర్యం చెప్పింది. ముందు ఒక కంటికి, అది కుదుటపడ్డాక రెండోదానికి చేశారు.

కట్టు విప్పుకుని ఇంటికొచ్చిన టైలరక్క గుమ్మంలోనే ఆగిపోయింది. గోడలు ఇంత మాసిపోయి ఉన్నాయా అని ఆశ్చర్యపోయి, పెయింట్ల దుకాణంలో పనిచేస్తూ ఇంటిని ఇలా ఉంచుతావా అని కూతుర్నే కేకలేసింది. డాక్టరమ్మ సరేనన్నాక మళ్లీ కొట్టు తెరిచింది. అల్మారాలో నీలం దారపుండలు చూసి, ఇంత నీలమా అనుకుంటూ ఒకటి గుమ్మంలోకి తెచ్చి ఎండలో తిప్పి తిప్పి చూసింది. తర్వాత నర్సు కోటు కుట్లు విప్పి, మళ్లీ కుట్టి, తనే వెళ్లి ఇచ్చొచ్చింది.

ఆ ఫొటోలు మళ్లీ చూసినప్పుడు మాత్రం నవ్వాపుకోలేకపోయింది. కొత్త రీళ్లు తెప్పిస్తానని అన్నయ్య అంటే ఒప్పుకోలేదు.

"నా దగ్గర కుట్టించుకున్నవాళ్లంతా పచ్చగా ఉంటే తప్పేంటి? ముందు ఈ పాత రీళ్లు అవనీ."

స్టూడియో మూశాక పొద్దుపోక ఇంట్లో పచార్లు చేసే అన్నయ్య, మధ్యాహ్నాలు చెల్లెలి కొట్టుకు రావడం మొదలుపెట్టాడు. చెయ్యి కదలకుండా కెమెరా ఎలా పట్టుకోవాలో, ఎండ ఎటు ఉండాలో నేర్పాడు. గోడకు తగిలించిన ఫొటోలు చూసి, తమనీ ఇలాగే తియ్యమంటూ కొత్తవాళ్లు గుడ్డలు పట్టుకుని రాసాగారు. మానేసినవాళ్లలో కొందరు మళ్లీ వచ్చారు.

స్టూడియోలో ఊరందరినీ తీసిన అన్నయ్యకు సొంత ఫొటో ఒక్కటీ లేదని ఒకనాడు మాటల్లో బయటపడింది. టైలరక్క వారం తిరగకుండా ఆకాశం రంగు చొక్కా కుట్టి, ఆయనకు తొడిగించి, వీధిలో నిలబెట్టింది. అలవాటుకొద్దీ ఆయన, ఓ అడుగు వెనక్కి జరుగు, కొంచెం ఎడమకు తిరుగు అంటూ మొదలెట్టాడు.

"ఫొటో తీసేది నేను అన్నయ్యా. నువ్వు ఊరికే నిలబడు."

ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు తడబడి, చివరికి ఫక్కున నవ్వేశాడు. సరిగ్గా అప్పుడే ఆమె మీట నొక్కింది.