పియానో కచేరీకి గుగ్గిళ్లు

కొవిడ్ వచ్చి మావారు ముందుగదిలో ఒంటరిగా ఉండబట్టి ఈ రోజుకు ఐదు రోజులు. జ్వరం తగ్గింది గానీ, నోటికి రుచి లేదంటూ రెండు రోజులుగా పళ్లెం పెట్టింది పెట్టినట్టే వెనక్కి పంపుతున్నారు. కాస్త పొద్దుపోతుందని సాయంత్రం ఫోన్‌లో ఒక పియానో కచేరీ పెట్టి, తలుపు బయట స్టూలు మీద ఉంచాను. నేనూ వసారాలో కూర్చుని విన్నాను. చివర్లో చప్పట్లు వినిపించాయి.

"అయిపోయిందా?" అన్నారు లోపల్నుంచి.

"అయిపోయింది."

"మా ఊర్లో భజన అయితే గుగ్గిళ్లు పెడతారు గదా. ఇక్కడేం లేదా?"

"రుచే తెలీడం లేదంటిరే!"

"పెట్టి చూడు ముందు."

కూరకని ఉడికించిన అలసందలకు పోపు పెట్టి గడప దగ్గర ఉంచాను. గిన్నె ఖాళీగా వచ్చింది. జ్వరం రాసే పుస్తకంలో 'తిన్నారు' అని రాసుకున్నాను.

రేపు జాజ్ కచేరీ ఉందట. దానికేం పెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.