పేరు కొట్టించిన డబ్బా

ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంటే మనం వెళ్ళి చూసొచ్చేదే తప్ప, ఇప్పటిలా జేబులో కూర్చుని మన వెంట తిరిగేది కాదు. కాకినాడలో మా ఆఫీసు మొత్తానికి ఒక్క కంప్యూటరుకే ఆ భాగ్యం ఉండేది, అదీ ఎవరూ ఫోను ఎత్తకపోతేనే. ఊరు దాటామంటే లోకంతో సంబంధం తెగిపోయినట్టే. అందుకని ప్రయాణానికి ముందే కావలసిన సమాచారమంతా కాగితాల మీద అచ్చు వేయించుకుని, మరీ ముఖ్యమైనదైతే లామినేషన్ చేయించుకుని సంచిలో పెట్టుకునేవాళ్ళం. (నేనొకసారి రైళ్ళ టైముల కాగితానికి కూడా లామినేషన్ చేయించాను. కొద్దిరోజులకే టైములన్నీ మారిపోయాయి. కాగితం మాత్రం ఇప్పటికీ చెక్కు చెదరలేదు.) ఒకసారి దాచుకున్న సమాచారం అలాగే ఉంటుంది గానీ, లోకం అలాగే ఉండదని నాకు ఆ కాగితమే నేర్పాల్సింది. నేర్పలేదు. మా అమ్మ జంతికల డబ్బా నేర్పింది.

చదువైపోయి, గ్యాసు గొట్టాలు వెళ్ళే దారిని కొలిచే ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా చేరాను. పొలం గట్ల మీద జీపీఎస్ యంత్రాన్ని చేతిలో పట్టుకుని నిలబడి, అది ఆకాశంలో ఉపగ్రహాలను వెతుక్కునేదాకా ఓపిక పట్టి, అక్షాంశం, రేఖాంశం అంకెలు రాసుకోవడం నా పని. అలా పైకి చెయ్యి చాచి నిలబడ్డ నన్ను చూసి రైతులు దగ్గరకొచ్చి, "ఏంటి బాబూ, ఇక్కడ బోరు వేస్తే నీళ్ళు పడతాయంటారా?" అని అడిగేవారు. మొదట్లో ఓపికగా వివరించేవాణ్ణి. తరవాత్తరవాత "పడతాయండి" అనేసి ముందుకి సాగిపోయేవాణ్ణి. గోదావరి పక్కన ఎక్కడ తవ్వినా పడక చస్తాయా!

మా పెద్ద సారు బెంగళూరులో ఉండేవారు, అప్పుడప్పుడు మా పని చూడ్డానికి కాకినాడ వచ్చేవారు. తెలుగాయనే. మనిషి మంచివారే గానీ అంకెల పిచ్చి. "కాలవ దాటాక కుడిచేతి వైపు సార్" అని ఎవరైనా అంటే ఆయనకి ఒళ్ళు మండేది. "ఎవరి కుడిచెయ్యి? నీదా, నాదా? అంకెలు చెప్పు" అనేవారు. అందుకే చాటుగా ఆయన్ని అక్షాంశం గారు అని పిలుచుకునేవాళ్ళం. ఆయనకొక ఆట పిచ్చి కూడా ఉండేది. జియోకాషింగ్ అంటారట. ఒకరు ఎక్కడో డబ్బా ఒకటి దాచి, ఆ చోటు అంకెలూ చిన్న ఆనవాలూ ఇంటర్నెట్‌లో పెడతారు. ఇంకొకరు జీపీఎస్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి, దొరికితే అందులోని పుస్తకంలో పేరు రాసి, నచ్చిన వస్తువొకటి తీసుకుని, బదులుగా ఇంకొకటి వేసి, డబ్బాని మళ్ళీ అక్కడే దాచి వచ్చేస్తారు. "ఎందుకు సార్?" అని అడిగాను. "ఎందుకేంటయ్యా, ఆట!" అన్నారు. (ఇంతింత చదువులు చదివి దాగుడుమూతలా అనుకున్నాను గానీ, పైకి మాత్రం "అద్భుతం సార్" అన్నాను. ట్రైనీని కదా.)

నా ట్రైనింగు అయిపోవస్తున్న రోజులవి. మాలో ఒక్కరిని కాకినాడలో ఉంచి, మిగిలినవాళ్ళని రాజస్థాన్ ఎడారిలో కొత్త పనికి పంపుతారని ఆఫీసంతా గుసగుసలు. ఎవరుండాలో తేల్చేది అక్షాంశం గారే. సరిగ్గా అప్పుడే ఆయన భార్యతో కలిసి గోదావరి చూడ్డానికి బయల్దేరడానికి కొద్దిరోజుల ముందు, "మీ ఊరి దగ్గర ఒక డబ్బా దాచి నాకు అంకెలు పంపు. ఆదివారం పొద్దున్న వచ్చి చూస్తా. నువ్వు చెప్పిన చోట డబ్బా ఉంటే, గొట్టాల దారికి నువ్వు రాసిన అంకెలన్నీ నమ్ముతా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఇసక తుఫాను కళ్ళ ముందు కనబడింది. మా అమ్మకైతే రాజస్థాన్ అన్న మాట వింటేనే గొంతు ఎండిపోయేది. "గోదారి నీళ్ళు తాగి పెరిగినవాడివి, అక్కడ స్నానానికి చెంబుడు నీళ్ళయినా ఇస్తారంటావా నాన్నా?" అని ఫోన్లోనే కళ్ళు తుడుచుకునేది.

మా ఊరి కాలవ మీద నీళ్ళు ఆపి వదిలే లాకులున్నాయి. వాటి పక్కన, ఒకప్పుడు అధికారులు దిగడానికి కట్టిన బంగళా ఒకటి కప్పు కూలిపోయి ఉంది. దాని వరండా గోడలో దీపం పెట్టుకునే గూడు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చోటు కుదిరింది. ఇక వాన చుక్క, చీమ దూరని డబ్బా కావాలి. ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది, అమ్మ జంతికలు పోసుకునే గుండ్రటి స్టీలు డబ్బా. దాని మూత తియ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలి (ఒకరు డబ్బా పట్టుకోవాలి, ఒకరు తిట్టుకోవాలి). ఆ వారం ఊరెళ్తే అది ఖాళీగా ఉంది, అమ్మకి చెప్పకుండా ఎత్తుకుపోయాను. మా వైపు స్టీలు సామాను కొన్నప్పుడు కొట్లోనే దాని మీద పేరు కొట్టిస్తారని వేరే చెప్పాలా! పక్కింటికి కూరో పచ్చడో పంపితే గిన్నె తిరిగి రావాలి కదా. ఆ డబ్బా మీద కూడా అమ్మ పేరు, ఇంటిపేరు, ఊరి పేరు చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నానేమో, నా కంటికి అవి అక్షరాల్లాగే కనబడలేదు. లోపల గోళీలు, తాళంచెవుల గొలుసు, పేరు రాసుకునే చిన్న పుస్తకం పెట్టి, గూట్లోకి తోసి, పైన ఒక ఇటుక అడ్డం పెట్టి వచ్చాను.

సారు ఆ అంకెల్నీ, ఆనవాల్నీ, "గుండ్రటి స్టీలు డబ్బా" అని నేను రాసిన వర్ణననీ అరచేతిలో ఇమిడే తన చిన్న కంప్యూటరులోకి ఎక్కించుకున్నారు. "ఇక నెట్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. అంతా ఇందులో ఉంది" అని దాన్ని ముద్దుగా తట్టి, రాజమండ్రి వెళ్ళి, పాపికొండలకి లాంచీ ఎక్కేశారు. అక్కడ ఫోన్లు మోగవు.

శనివారం సాయంత్రం నేను గెలిచేసినట్టే ఇంటికొచ్చాను. అమ్మ జంతికలు పెట్టింది. కరకరలాడుతున్నాయి గానీ ఏదో నీచు వాసన. అయినా ఇంకొకటి తీసుకుందామని డబ్బా వైపు చెయ్యి చాచాను. దాని మీద చుక్కల అక్షరాలు చూసి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మా, ఈ డబ్బా..."

"ఆ మాటే చెబుదామనుకుంటున్నా. ఎవడో వెధవ మన డబ్బా ఎత్తుకుపోయి లాకుల బంగళాలో దాచాడురా. చేపలావిడ నీడకని అక్కడ బుట్ట దించుకుంటే గూట్లో తళతళలాడిందట. పేరు కాఫీ హోటలాయన చేత చదివించుకుని, అడుక్కుంటూ అడుక్కుంటూ తెచ్చిచ్చింది. 'ఆయ్, మీ డబ్బానండి, ఖాళీగా ఇవ్వకూడదని కాసిని ఎండు రొయ్యలు పోసేనండి' అంది, మహాతల్లి. అందులో గోళీలూ గొలుసూ ఏవో ఉంటే దొంగ సొమ్మని నేను ముట్టుకోలేదు, పెరట్లో గట్టు మీద పెట్టాను."

ఆ వెధవని నేనేనని చెప్పక తప్పలేదు. ఆట సంగతి, సారు సంగతి, ఎడారి సంగతి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. అమ్మ అంతా విని, "ఒకటి తీసుకుని ఒకటి వేసి పంపడమేనా? ఇందులో కొత్తేముందిరా, మేం రోజూ చేసేదే. కాకపోతే మేం మనుషుల ఇళ్ళకి పంపుతాం, మీ సారు గోడలకి పంపుతున్నారు" అంది. వేరే డబ్బా పెడదామంటే ఇంట్లో పేరు లేని స్టీలు వస్తువు గరిటె కూడా లేదు. ప్లాస్టిక్‌ది పెడదామంటే సారు చేతిలో "స్టీలు డబ్బా" అని ఉండిపోయింది. దాన్ని మార్చడం ఇక బ్రహ్మతరం కాదు.

ఆదివారం పొద్దున్నే డబ్బా కడిగి, తుడిచి, గోళీలతో సహా మళ్ళీ గూట్లో పెట్టి, ఇటుక అడ్డం పెట్టి, హమ్మయ్య అనుకుంటూ సారుకి ఎదురు రోడ్డు మీదికి వెళ్ళాను. కారు వచ్చింది. "నువ్వేం చూపించకు" అని సారు ఆ బుల్లి కంప్యూటరు ఒక చేత్తో, జీపీఎస్ ఒక చేత్తో పట్టుకుని, దారిలో తుమ్మకంపలు తప్పించుకుంటూ నేరుగా గూటి దగ్గరికే వెళ్ళి నిలబడ్డారు. నా మనసు ఉప్పొంగిపోయింది. ఆయన ఇటుక తీశారు.

గూడు ఖాళీ.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సారు చెయ్యి లోపలికి పెట్టి తడిమారు, తెరవంక చూశారు, గూటివంక చూశారు, నావంక చూశారు. "ఇందులో ఉందనే ఉందయ్యా" అన్నారు, కంప్యూటరుని చూపిస్తూ. మేడం గారు జాలిగా, "ఎండకి పిల్లాడి మొహం ఎలా అయిపోయిందో చూడండి" అన్నారు. ఎండ ఇంకా రానే లేదు. నేను ఆ ఇటుకవంకే చూస్తూ నిలబడి ఉండగా, కాలవగట్టు మీద సైకిలు గంట వినబడింది. లాకుల గేట్లు ఎత్తి దించే లస్కరు తొక్కుతున్నాడు. వెనక క్యారేజీ మీద, ఒడిలో స్టీలు డబ్బా పెట్టుకుని మా అమ్మ!

"అబ్బాయి గారు డబ్బా మర్చిపోయి ఎళ్ళిపోతున్నారనుకున్నానండీ. కేకేశానండి, ఇనిపించుకోలేదండి. అందుకని ఇటుక మళ్ళీ అడ్డం పెట్టేసి, ఇంటికి అట్టుకెళ్ళి ఇచ్చేశానండి" అన్నాడు లస్కరు, మెచ్చుకుంటారేమోనని అందరి మొహాలూ చూస్తూ.

సారుకి ఏమీ అర్థం కాలేదు. అమ్మ సైకిలు దిగి, కొంగు సర్దుకుని, ఆయనకి నమస్కారం పెట్టి మొదలుపెట్టింది. "తప్పు మావాడిది కాదండి, డబ్బాదండి. దాని మీద నా పేరుందండి. మా వైపు పేరున్న డబ్బా ఎక్కడ పెట్టినా ఇంటికొచ్చేస్తుందండి. ఈ వారంలో రెండుసార్లు వచ్చింది. వాణ్ణి మాత్రం ఎడారికి పంపకండి బాబూ!" (ఆ చివరి మాటకి నేను భూమిలోకి కుంగిపోయాను.)

సారు ముందుకొచ్చారు. డబ్బా అందుకుని, దాని మీద చుక్కల అక్షరాలు వేలితో తడుముతూ చదివారు. తరవాత వంగి గూట్లోకి చూశారు. లోపల సున్నపు పొడిలో గుండ్రటి ముద్ర ఉంది. డబ్బాని దాని మీద పెట్టారు. వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. కాసేపు దాన్నే చూసి, నడుం నిమురుకుంటూ లేచి, పకపకా నవ్వారు. "నీ అంకెలకేం ఢోకా లేదయ్యా. డబ్బాకే నిలకడ లేదు. నా అరచేతిలో ఇంత సమాచారం దాచుకున్నాను గానీ, అసలు చిరునామా డబ్బా మీదే ఉంది, నువ్వు చూళ్ళేదు, నాకు చెప్పలేదు" అన్నారు. ఆ నవ్వుతో నా గుండెల మీద కూర్చున్న ఎడారి మొత్తం లేచి వెళ్ళిపోయింది. బతుకు జీవుడా అని బంగళా మెట్ల మీద కూలబడ్డాను. మేడం గారు అప్పటికే డబ్బా మూతతో కుస్తీ పడుతున్నారు. లస్కరు డబ్బా పట్టుకున్నాడు, ఆవిడ లాగారు. లోపల గోళీల బదులు సున్నుండలు! ఖాళీ డబ్బా పట్టుకుని పెద్దవాళ్ళ ముందుకి వెళ్ళడం అమ్మకి చేతకాదు, గోళీలు పెద్దవాళ్ళకి పెట్టేవి కావని ఆవిడ అభిప్రాయం.

నేను కాకినాడలోనే ఉండిపోయాను. సున్నుండలతో పాటు డబ్బా బెంగళూరు వెళ్ళింది. "డబ్బా మాత్రం పంపించెయ్యండేం" అని అమ్మ కారు కదిలేదాకా చెబుతూనే ఉంది. పంపించారు, పార్సిల్లో, నిండా మైసూర్‌పాకుతో. అమ్మ అది చూసి, "మీ సారు ఆట బాగానే నేర్చుకున్నారు" అంది.

ఆ తరవాత ఉద్యోగం నన్ను చాలా ఊళ్ళు తిప్పింది, చివరికి ఆ ఎడారి కూడా చూపించింది. (స్నానానికి నీళ్ళు ఇచ్చారు.) సారు పిచ్చి నాకూ అంటుకుని, వెళ్ళిన చోటల్లా ఒక డబ్బా దాచాను. ఇప్పుడు వాటి వివరాలన్నీ నెట్ లేకపోయినా తెరుచుకునేలా నా ఫోనులో ఉన్నాయి. ఈసారి జాగ్రత్త పడ్డాను లెండి, అన్నీ ప్లాస్టిక్‌వే, ఒక్కదాని మీదా పేరు లేదు. ఫోను తెరిచి చూసుకుంటే ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నట్టు కనబడతాయి, నిజంగానే ఉన్నాయి కూడా. ఇన్నేళ్ళలో ఒక్కదాన్ని కూడా ఎవరూ ఇంటికి తెచ్చివ్వలేదు.