కౌన్సిల్ హాలుకు గిలాబు చేసిన మేస్త్రక్క

మద్నూర్ దగ్గర కల్వర్టు పని చూస్తుండగా ఫోన్ వచ్చింది. రోడ్డు మీద లారీల రొదలో మొదట ఏమీ వినపడలేదు. పక్క చేను గట్టు మీదికి నడిచి మళ్లీ అడిగాను. మాట్లాడుతున్నది మేస్త్రక్క మరదలు. అక్క పొద్దున్నే లేచి చాయ్ పెట్టుకుందట, ఛాతీలో పట్టినట్టుందని అన్నదట, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. "నిన్న సాయంత్రం దాక పనిల ఉండె మేడం. తాపీ గూడ కడిగి పెట్టింది," అన్నది. ఆ గట్టు మీదే కాసేపు కూర్చుండిపోయాను. తర్వాత పని ఇంకొకరికి అప్పగించి బాన్సువాడ బస్సెక్కాను.

ఈమె ఎవరో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. కానీ బాన్సువాడ మున్సిపల్ ఆఫీసుకు ఏదో ఒక కాగితం కోసం వెళ్లినవాళ్లంతా ఆమె పనిని చూసే ఉంటారు. అక్కడి కౌన్సిల్ హాలు నాలుగు గోడలూ, కింద జనం కూర్చునే పెద్ద వరండా గోడలూ ఆమె చేతివి. సిమెంటు పూతను మా వైపు గిలాబు అంటారు. ఊరి పక్క తండాకు చెందిన ఈ మనిషి, తోటి ఆడవాళ్లు ఏడుగురితో కలిసి ఆ గిలాబు చేసింది.

ఆ ఆఫీసును పెంచి, పాతదాన్ని బాగుచేసే పని మొదలైనప్పుడు నాకది మొదటి ఉద్యోగం. డిప్లొమా అయిపోయి ఏడాది కూడా కాలేదు. బీర్కూర్ నుంచి పొద్దున బస్సులో వచ్చి, కాంట్రాక్టర్ తరఫున పని చూసుకునేదాన్ని. అప్పటికి ఉన్నది పంచాయతీ కాలం నాటి చిన్న కట్టడం. ఊరు పెరిగింది, వార్డులు పెరిగాయి, గదులు మాత్రం అవే. మీటింగ్ పెడితే కొందరు గుమ్మంలో నిలబడేవారు. పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లు ఎండలో కూర్చునేవారు. అందుకే వెనక రెండంతస్తులు కొత్తగా కట్టి, ముందున్న పాత హాలును వెడల్పు చేసి, రెండింటినీ కలపాలన్నది ప్లాను.

మేస్త్రక్క అక్కడికి కూలికి వచ్చింది. చీర మీద మగవాళ్ల చొక్కా, నెత్తి మీద చుట్టగుడ్డ, దాని మీద మాలు తట్ట, అంటే కలిపిన సిమెంటు. అందరిలాగే వచ్చేది, పోసేది, వెళ్లేది. ఒక్క తేడా ఉండేది. తట్ట దించాక వెనక్కి తిరిగే ముందు గోడను ఒకసారి పై నుంచి కింది దాకా చూసేది. మగ మేస్త్రీలు అది గమనించి నవ్వుకునేవారు.

ఒకరోజు ఇంకోవైపు కొత్త గదులకు నేనే సున్నంతో గీతలు వేయించాను. తవ్వకం మొదలుపెట్టబోతుంటే ఆమె తట్ట పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది. అందరూ వినేలా చెప్పలేదు. నా చెవి దగ్గరికి వంగి, "బిడ్డా, గీ మూల ఒక్కపారి చూస్కో," అన్నది. నాకు కోపం వచ్చింది. చదువుకున్నది నేను కదా అనుకున్నాను. అయినా మనసు ఊరుకోలేదు. మూలలో ఒకవైపు మూడడుగులు, మరోవైపు నాలుగడుగులు కొలిచి, ఆ రెండు కొసల మధ్య టేపు పట్టాను. ఐదడుగులు రావాలి. రాలేదు. మూల వంకర పోయింది. అలాగే తవ్వించి ఉంటే మూడు గదులూ వంకరగా లేచేవి. గీతలు చెరిపించి మళ్లీ వేయించాను. ఎవరూ కారణం అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని అన్నం తిన్నాను. ఎక్కడ నేర్చుకున్నావక్కా అని అడిగాను.

అప్పుడు చెప్పింది. ఆమె భర్త మంచి మేస్త్రి. ఒకసారి పరంజా మీది నుంచి పడి కుడిచేయి పనికి రాకుండా పోయింది. ఒప్పుకున్న పనులు ఆగకూడదని ఆమె తాపీ పట్టుకుంది. ఆయన కింద మంచం మీద కూర్చుని చెప్పేవాడు, ఆమె పైన చేసేది. చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో ఇళ్లు అలా లేచాయి. ఇంటివాళ్లు మాత్రం మేస్త్రి అని ఆయననే పిలిచేవారు. ఆయన పోయాక ఆడమనిషిని మేస్త్రిగా ఎవరూ పిలవలేదు. మళ్లీ తట్ట ఎత్తుకుంది. ఇదంతా ఆమె బాధగా చెప్పలేదు. పెరుగన్నంలో పచ్చిమిరపకాయ నంజుకుంటూ, వేరే ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది.

స్లాబులు పడ్డాయి, గోడలు లేచాయి. ప్రారంభోత్సవానికి రోజు కూడా ఖాయమైంది. సరిగ్గా అప్పుడు గిలాబు చేయాల్సిన పెద్ద మేస్త్రి తన మనుషులతో హైదరాబాద్‌లో వేరే పని ఒప్పుకుని వెళ్లిపోయాడు. కౌన్సిల్ హాలు గోడలు ఇటుకలు కనిపిస్తూ అలాగే ఉన్నాయి. కాంట్రాక్టర్ నాందేడ్ వైపు, నిజామాబాద్ వైపు ఫోన్లు చేశాడు. రెండు వారాల లోపు ఎవరూ రామన్నారు. ఆయన ఇసుక కుప్ప దగ్గర తల పట్టుకుని నిలబడి ఉంటే మేస్త్రక్క వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఒక్క గోడ ఇయ్యి సారూ. నచ్చకపోతే కొట్టేయుండ్రి. మళ్ల తట్ట ఎత్తుకుంట," అన్నది.

ఆయన నా వైపు చూశాడు. కుదరకపోతే నా ఉద్యోగం కూడా పోతుందని తెలుసు. మూల సంగతి అప్పుడు బయటపెట్టాను. తప్పు నాదని, పట్టుకున్నది ఆమె అని చెప్పాను. ఆయన బీరువాలు వచ్చే వెనక గోడ చూపించాడు. చెడినా కనపడదు కదా అని.

ఆ గోడకు ఆమె రెండు రోజులు తీసుకుంది. మొదట నీళ్లతో బాగా తడిపింది. దారం కట్టి, గుండు వేలాడదీసి, పూత మందం తెలిసేలా అక్కడక్కడా గుర్తు బిళ్లలు పెట్టుకుంది. మాలు విసిరితే గోడకు అతుక్కునే చప్పుడు ఒకే తాళంలో వినిపించేది. మిగిలిన పనుల్లో ఉన్న మగవాళ్లు పని ఆపి గుమ్మంలో నిలబడి చూశారు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

మూడోరోజు మున్సిపల్ ఇంజనీర్ వచ్చాడు. పొడవాటి బద్దను గోడకు నిలువుగా, అడ్డంగా, మూలగా ఆనించి చూశాడు. బద్దకూ గోడకూ మధ్య సందు దొరకలేదు. మళ్లీ పైన చూశాడు, స్టూలు వేసుకుని మరీ. దిగి, ఏ మేస్త్రి చేశాడని అడిగాడు. ఆమె తడి చేతులు చొక్కాకు తుడుచుకుంటూ, "నేనే సారూ," అన్నది. ఆయన ఇంకోసారి గోడను, ఇంకోసారి ఆమెను చూసి, మిగిలినవన్నీ ఈమెకే ఇవ్వమని కాంట్రాక్టర్‌తో చెప్పి వెళ్లాడు.

ఒప్పుకునే ముందు ఆమె ఒకటే అడిగింది. హాజరు పుస్తకంలో తన పేరు ఎదుట కూలి అని కాకుండా మేస్త్రి అని రాయమని. ఏ మాట రాస్తే ఏముంది, పని కావాలి గాని అన్నాడు కాంట్రాక్టర్. ఆమె కదలలేదు. నేను పుస్తకం తెచ్చి పాత మాట కొట్టేసి రాశాను. ఆమెకు చదువు రాదు. ఏ అక్షరాలో చూపించమన్నది. వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూసి, "చిన్నగనే ఉన్నదే," అని నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

తండా నుంచి ఏడుగురు ఆడవాళ్లను ఆమే ఎంచుకుంది. వాళ్లలో వాళ్లు తమ భాషలో మాట్లాడుకునేవారు, నాతో తెలుగులో. ఒక్కొక్కరి చేతికి తాపీ ఇచ్చి, మణికట్టు పట్టుకుని తిప్పి చూపించేది. తొందరపడితే ఒప్పుకునేది కాదు. పూత అయ్యాక రోజుకు మూడుసార్లు గోడలు తడిపించేది. ఎవరైనా మరిచిపోతే, "గోడకు గూడ దూప అయితది," అని తానే గొట్టం పట్టుకునేది. దాహాన్ని మా దగ్గర దూప అంటాం. ఇప్పటికీ ఏ పని దగ్గరైనా పొడిగా ఉన్న గోడ కనిపిస్తే ఆ మాటే నా నోట వస్తుంది.

పెద్ద చిక్కు పాత హాలు దగ్గర వచ్చింది. పాత గోడ, కొత్త గోడ కలిసే చోట ఆమె తాపీ పిడితో కొట్టి విన్నది. పాత పూత లోపల డొల్ల చప్పుడు. మొత్తం రాల్చేసి, అతుకు మీద ఇనుప జాలీ కొట్టి మళ్లీ చేయాలన్నది. ఉన్నవి ఐదు రోజులు. కాంట్రాక్టర్‌కు కోపం వచ్చింది. పైన పూసి రంగు వేస్తే చాలన్నాడు. ఆమె గొంతు పెంచలేదు.

"పండుగ దినం మంచిగనే కనబడ్తది సారూ. వానకాలం వస్తె ఊడి పడ్తది. కింద కూసునేది పింఛన్లకొచ్చే ముసలోళ్లు."

మర్నాడు జాలీ వచ్చింది. ఆ ఐదు రోజులూ ఎనిమిదిమంది పొద్దు పొడవకముందే వచ్చారు. నేను ముందు బస్సు పట్టుకున్నాను. ఇంజనీర్ కూడా రెండు పూటలా వచ్చి చూసేవాడు. ప్రారంభోత్సవానికి ముందురోజు మధ్యాహ్నం చివరి మూల అయిపోయింది. ఆడవాళ్లు తాపీలు బకెట్టులో వేసి ఆ హాలు మధ్యలో నేల మీద కూర్చున్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఖాళీ హాలులో అది గింగురుమన్నది. మేస్త్రక్క పాడలేదు. కళ్లు మూసుకుని తల ఊపుతూ ఉంది.

మర్నాడు పెద్దలు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, ఊరంతా వచ్చింది. సాధారణంగా ఇలాంటి రోజున పనివాళ్లు గేటు బయట నిలబడతారు. ఆ రోజు ఇంజనీర్ స్వయంగా వెళ్లి ఎనిమిదిమందినీ లోపలికి తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. వాళ్లు అద్దాలు కుట్టిన తమ బట్టలు కట్టుకుని వచ్చారు. హాలంతా మెరిసింది. మేస్త్రక్కకు శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఆమె మైకు వైపు కాక పైకప్పు మూల వైపు చూస్తోంది. మరక ఏమైనా ఉందేమోనని వెతుకుతోందని నాకు తెలుసు. తర్వాత మైకు పట్టుకుని, "మేం ఎనిమిది మందిమి చేసినం. మా పని అయింది. ఇగ మీ పని మీరు చెయ్యుండ్రి," అన్నది.

వెనక నుంచి చప్పట్లు మొదలయ్యాయి. వేదిక మీదివాళ్లు కూడా నవ్వుతూ కొట్టారు. బయటికి వస్తూ నా చేయి నొక్కి, "రేపటి సంది గీ హాలుల ఎవరన్న కూసోనీ. గోడలు మావే," అన్నది.

ఆ తర్వాత ఆమె తట్ట ఎత్తలేదు. బడి గదులు, దుకాణాలు, ఇళ్లు, ఎన్నో పనులు ఆమెను వెతుక్కుంటూ వచ్చాయి. ఎనిమిదిమంది ఇరవైమంది అయ్యారు. నేనూ వేరే పనులకు మారాను. కొత్త చోట సందేహం వస్తే ఆమెకే ఫోన్ చేసేదాన్ని. "చూడకుంట ఎట్ల చెప్తనే" అని విసుక్కుని, గోడ మీద కొట్టి చప్పుడు వినిపించమనేది. ఫోన్‌ను గోడకు ఆనించి తాపీతో కొట్టేదాన్ని. అటునుంచి ఆమె మంచిదో కాదో చెప్పేది. పుస్తకాల్లో చదివినదానికంటే ఆమె దగ్గర ఎక్కువ నేర్చుకున్నానని చెప్పడానికి నాకు ఏ మొహమాటమూ లేదు.

నేను తండా చేరేసరికి ఇరవైమందీ అక్కడే ఉన్నారు. కొందరు పని మీది నుంచి నేరుగా వచ్చారు, చేతులకు సిమెంటు ఇంకా ఉంది. మగ మేస్త్రీలు కూడా వచ్చారు. హైదరాబాద్ వెళ్లిన ఆ పెద్ద మేస్త్రి పాడె ఒక కొమ్ము పట్టుకున్నాడు. సాగనంపి వచ్చాక మరదలు నాతో, బీర్కూర్ రోడ్డు మీది గిలాబు పని సగంలో ఉందని, ఎల్లుండి నుంచి మళ్లీ మొదలుపెడతామని చెప్పింది.

పోయిన వారం మున్సిపల్ ఆఫీసులో పనిపడి వెళ్లాను. సాయంత్రం అయింది. కౌన్సిల్ హాలు తలుపు తెరిచే ఉంది, లోపల ఎవరూ లేరు. పడమటి కిటికీలో నుంచి ఎండ ఏటవాలుగా వచ్చి పొడవాటి గోడ వెంట పాకుతోంది. అలాంటి వెలుగులో ఎంత మంచి పనిలోనైనా ఎత్తుపల్లాలు బయటపడతాయి, చిన్న గుంత కూడా నీడ వేస్తుంది. గుమ్మంలోనే నిలబడి చూశాను. నాట్లకు ముందు మడిలో నిలిచిన నీటి మీద పడినట్టు, ఆ ఎండ గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా తట్టుకోకుండా సాగిపోయింది.