కడియం కింద పుండు

నా ఎడమకాలి లోపల ఏముందో నేను కళ్ళారా చూశాను. అందరికీ అది చూసే అవసరం పడదు. తోలు కింద పసుప్పచ్చని కొవ్వు, దాని కింద ఎర్రటి కండ, అన్నిటికీ అడుగున ఎముక. పొట్టు తీసిన చింతగింజలా తెల్లగా, తడిగా మెరిసింది. నొప్పి సంగతి తర్వాత గుర్తొచ్చింది. ముందు మాత్రం, ఇన్నేళ్ళు నన్ను మోసింది ఇదా అని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

ఆ దెబ్బ జొన్నచేలో తగిలింది. రజాకార్ల భయం ఉన్న రోజులు. మా ఊళ్ళో బురుజు మీద ఒక మనిషి కాపలా ఉండేవాడు, దూరాన దుమ్ము లేస్తే డప్పు కొట్టేవాడు. డప్పు వినబడితే ఎక్కడి పని అక్కడ వదిలేసి ఆడవాళ్ళం గుట్టల వైపు పరుగెత్తాలి. ఆ రోజు డప్పు మోగేసరికి నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చెయ్యి కూడా కడుక్కోకుండా చేలకడ్డంగా పరుగెత్తాను. జొన్న కోసిన చేను అది. కర్రను కొడవలితో ఏటవాలుగా కోస్తాం కదా, మిగిలిన కొయ్య ఎండితే బల్లెంలా ఉంటుంది. పడ్డాను. కొయ్య చీలమండ పైన దిగి, కండ చీల్చుకుంటూ పైకి పోయింది. అయితే ఆ రోజు మా ఊరికి ఎవరూ రాలేదు. దుమ్ము లేపింది గొర్రెల మందని తర్వాత తెలిసింది.

ఆ కాలికి వెండి కడియం ఉంది. మా ఇళ్ళల్లో పెళ్ళినాడు ఔసలాయన, అంటే కంసాలి, రెండు కాళ్ళకూ కడియాలు తొడిగి, కొసలు దగ్గరకు నొక్కేస్తాడు. మళ్ళీ అవి ఊడేది మొగుడు పోయిననాడే. వాగు ఒడ్డుకు తీసుకుపోయి, ముత్తైదువలెవరూ దగ్గర లేకుండా చూసి, అదే ఔసలాయన కోసేస్తాడు. మధ్యలో తీయడమన్న మాటే లేదు. నా కుడికాలి కడియం అలాగే, ఆయన పోయిననాడు పోయింది. ఎడమకాలిది వేరే రకంగా పోయింది.

మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గడ్డిచామంతి ఆకు నలిపి రసం పిండారు, పసుపు అద్దారు, పాత చీరపేలిక కట్టారు. పుండుకు నీళ్ళు తగలనివ్వద్దని మా అత్త గట్టిగా పట్టుబట్టింది. నీళ్ళు తగిలితే చీము పడుతుందని అందరి నమ్మకం. కడగకుండానే పేలిక మీద పేలిక కట్టుకుంటూ పోయాం. కాలు వాచింది. వాచిన కండలోకి కడియం దిగబడింది. అడుగు వేసినప్పుడల్లా అది పుండు అంచును ఒరుసుకునేది. మానినట్టే కనబడి మళ్ళీ పగిలేది.

మా ఆయన దొరల మీద తిరగబడ్డ సంఘంలో తిరిగే మనిషి. ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. వచ్చినప్పుడు మాత్రం నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని కట్టు విప్పి చూసేవాడు. ఆ చూపుకే నాకు భయమేసేది.

ఎడ్లబండి కట్టించుకుని అత్త నన్ను తాలూకా ఊరి దవాఖానాకు తీసుకుపోయింది. తలుపుకు తాళం ఉంది. గడప దగ్గర చప్రాసి కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"డాక్టర్ సాబ్ దౌరాకు పోయిండు, ఊర్లు తిరుగుతాండు" అన్నాడు.

"ఎప్పుడొస్తడు బిడ్డా?" అంది అత్త.

"వచ్చినప్పుడొస్తడు."

"గా మాట నాకెందుకు చెప్తవు, నా కోడలు పుండుకు చెప్పు. డాక్టరొచ్చేదాక ఆగుతవా అని అడుగు జర."

చప్రాసి నవ్వాడు గానీ తాళం తీయలేదు.

ఇంకోసారి పోతే డాక్టర్ లేడు, కంపౌండర్ ఉన్నాడు. పెద్ద సీసాలోంచి ఎర్రనీళ్ళు మా బుడ్డిలోకి వంచి ఇచ్చాడు. నా ముందు నిలబడ్డ ఒకామె కడుపునొప్పికి వచ్చింది. ఆమె బుడ్డిలోనూ అవే ఎర్రనీళ్ళు. బయటికొచ్చాక ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, నీది పుయ్యాల్నా, తాగాల్నా?"

"నాది పుయ్యమన్నడు. నీదో?"

"నన్ను తాగుమన్నడు. తాగితే పుండు లోపల పడుతదో ఏమో!"

ఇద్దరం గోడకు ఆనుకుని కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఆ నీళ్ళు రాశాను. ఏమీ కాలేదు. చెడ్డా కాలేదు, మంచీ కాలేదు.

వానలు తగ్గేవేళకు మిలిటరీ వచ్చింది. రజాకార్లు పోయారని ఊరంతా సంబరపడింది. ఆ సంబరం ఆరకముందే సంఘం మనుషుల కోసం వెతుకులాట మొదలైంది. ఆయనను చేను దగ్గర పట్టుకుని లారీ ఎక్కించారు. ఎక్కడికి తీసుకుపోయారో చెప్పినవాళ్ళు లేరు. లారీ వెనక పరుగెత్తుదామంటే నా కాలు కదలలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాను, అంతే.

అప్పటినుంచి ఆ కడియం నాకు నగ కాదు. రాత్రింబవళ్ళు దాన్ని పట్టుకుని ఉండేదాన్ని. అది కాలికి ఉన్నంతకాలం ఆయన ఎక్కడో బతికి ఉన్నట్టే.

పుండు నల్లబడింది. వాసనకు కోళ్ళు కూడా నా మంచం కిందికి వచ్చేవి కావు. దవాఖానాలో కొత్త డాక్టర్ దిగాడని బండివాడు చెబితే అత్త మళ్ళీ బండి కట్టించింది. పాత డాక్టర్ మిలిటరీ రాగానే పెళ్ళాంబిడ్డలతో వెళ్ళిపోయాడట. ఈయన కోస్తా వైపు మనిషి, పిల్లాడిలా ఉన్నాడు, కళ్ళద్దాలు. మందుల బీరువా తెరిచి చూపించాడు. లోపల సాలెగూళ్ళు.

"మందులు లేవమ్మా. పంపమని రాశాను, ఎప్పుడొస్తాయో తెలీదు" అన్నాడు. కానీ ముక్కు మూసుకోకుండా నా కాలు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అంతవరకూ ఏ దవాఖానా మనిషీ నా కాలు ముట్టుకోలేదు.

"నీళ్ళు బాగా మరగబెట్టి, ఉప్పు వేసి, చల్లారాక రోజూ కడగండి. కట్టే బట్ట కూడా ఉడకబెట్టండి. పడుకున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి. అన్నిటికంటే ముందు ఈ కడియం తీసెయ్యాలి. ఇది రక్తాన్ని ఆపేస్తోంది, పుండును మాననివ్వడం లేదు."

అత్త నా వైపు తిరిగింది. "ఏమంటాండే గీయన?"

"కడెం తియ్యమంటాండు అత్తా."

"కడెం దియ్యమంటాండా! నా కొడుకును సంపుకోమంటాండా?"

"మీ అబ్బాయి ఎక్కడున్నాడో నాకు తెలీదమ్మా" అన్నాడాయన, కోపం లేకుండా. "ఈ కాలు మాత్రం నా చేతిలో ఉంది. ఇలాగే వదిలేస్తే ఆలేరులో రైలెక్కించి హైదరాబాద్ పంపాలి. అక్కడ మోకాలి కింద తీసేస్తారు."

దారి పొడుగునా నేను ఒకటే అన్నాను, కాలు పోతే పోనీ, కడియం తీయనివ్వనని. అత్త ఎడ్ల వీపుల వైపు చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఔసలాయన ఇంటికి పోయింది. ఆయన్ను వెంటబెట్టుకొచ్చింది. ఆయన నా కాలు చూసి వెనక్కి జరిగాడు.

"వదినా, మొగడు సచ్చిన మాట తెలువక నేనెట్ల కోస్త? నా చెయ్యి పడిపోతది. నేను కొయ్య."

"నిన్ను కొయ్యమన్ననా? నీ ఆకురాయి ఇయ్యి."

"ఇయ్య. ఇచ్చినా నేను చేసినట్టే." అని సంచిలోంచి ఆకురాయి తీసి అరుగు మీద పెట్టి, భుజం మీది తువ్వాలు దులుపుకుని లేచాడు. "నేనెవరికీ ఇయ్యలే. మరిచిపోయి పోతాన్న. రేపొచ్చి తీసుకపోత."

వాకిట్లో ఆడవాళ్ళు గుమిగూడారు. పక్కింటి ముసలామె నోరు నొక్కుకుంది. "ఓసి నీ నోట్ల మన్నుబడ, బతికున్న కొడుకుకు పాడె కడుతవా? కోడలిని నీ లెక్కనే జేసుకుంటవా?"

అత్త బోసి కాళ్ళు చాపుకుని నా ముందు కూర్చుంది. ఆమె కడియాలు ఎప్పుడో వాగు ఒడ్డున పోయాయి. నేను కాలు ముడుచుకున్నాను.

"వద్దత్తా. ఆయనకేమన్న అయితే?"

"చాపు కాలు."

"నేను చాప."

"వాణ్ణి కన్నది నేను. నువ్వు కట్టుకున్నవు, గంతే. వాని పాణం నీ కాలికి కట్టి లేదు, నా పేగుకు కట్టి ఉన్నది. తెగితే నాకు తెలుస్తది. ఇంక తెగలే. చాపు."

అని వాకిలి వైపు తిరిగి, ఊరంతా వినేలా అరిచింది. "ఇనుండ్రి! నా కొడుకు సచ్చిండని తీస్తలే. కోడలు కాలు బతకాలని తీస్తాన్న. మీకేమన్న ఫికర్ ఉంటే నా ఇంట్లకొచ్చి గా పుండు వాసన జూసి పోండ్రి!"

ఎవరూ లోపలికి రాలేదు. పక్కింటి ముసలామె మాత్రం కాసేపటికి చెంబుతో నీళ్ళు తెచ్చి, కాలు పట్టుకోవడానికి నా వెనక కూర్చుంది, ఆ తిట్లు ఆపకుండానే.

కడియం కింద పేలిక దోపి, దాని మీద ఆకురాయి నడిపింది అత్త. వెండి మెత్తనిదే గానీ, కడియం నా బొటనవేలంత లావు. చేతికి ఊపు ఎక్కువైతే రాయి జారి కండలో దిగుతుంది. ఆమె ఊపిరి బిగబట్టి, చంటిపిల్ల నోట్లో ముల్లు తీస్తున్నట్టు కూర్చుంది. తెల్లటి పొడి నా పాదం మీద రాలుతూ ఉంది. ఎండ వాకిట్లోంచి గోడ మీదికి ఎక్కింది. చివరికి ఠప్పుమని ఒక చప్పుడు. కొసలు రెండు చేతులతో పట్టి విడదీసి కాలి నుంచి తీసింది. అది ఉన్నచోట కాలు చుట్టూ గాడి పడి ఉంది, దాని అడుగు తాటిముంజలా తెల్లగా. చూస్తూ ఉండగానే ఆ తెల్లటి గాడిలోకి ఎర్రదనం పాకింది. ఎక్కడినుంచి వచ్చిందో ఆ నెత్తురు, ఇన్నాళ్ళు గడప బయట నిలబడి ఉన్నట్టు వచ్చింది. ముసలామె తిట్లు కూడా ఆగిపోయాయి.

ఔసలాయన మర్నాడు వచ్చి, "గీడ మరిచిపోయిన" అని ఆకురాయి తీసుకుని పోయాడు.

మేము మళ్ళీ దవాఖానాకు పోతే ఆ కళ్ళద్దాల డాక్టర్ లేడు. వేరే ఊరికి బదిలీ చేశారట. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. బీరువా అలాగే ఉంది. ఆయన చెప్పిన మాటలే మాకు మిగిలిన మందు. ఉప్పునీళ్ళు, ఉడికిన బట్ట, కాలు కింద జొన్నల మూట. నీళ్ళు తగలనివ్వనన్న అత్తే రోజూ దోసిలితో పోసి కడిగింది. మొదట పోసినప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది, ఏమవుతుందోనని.

నల్లది కొద్దికొద్దిగా ఊడిపోయింది. అడుగున ఒకరోజు ఎర్రటి చుక్కలు కనబడ్డాయి, దానిమ్మ గింజలు పేర్చినట్టు. అత్తను కేకేశాను. ఇద్దరం పుండు మీదికి వంగి చూశాం. ఏ గింజా పక్కదాన్ని తొక్కలేదు. గుంట అడుగునుంచి పైకి వస్తున్నాయి. నొప్పి కూడా తిరిగి వచ్చింది. చచ్చిన కాలికి నొప్పి ఉండదు కదా, ఆ నొప్పికి నేను ఏడుస్తూ సంతోషపడ్డాను. తర్వాత అంచుల నుంచి తోలు మొదలైంది, ఉల్లిపొరంత పలుచగా, నీలంగా. నేను పడుకున్నా, తిట్టుకున్నా, ఆయన మీద దిగులుతో తిండి మానేసినా అది తన పని మానలేదు. ఎవరు చెప్పారు దానికి, నడిమికి రమ్మని? నా ఒంట్లోనే ఉంటూ నన్ను అడగకుండా, నాకు తెలియని పని చేసుకుపోతోంది. దేవుడి ముందు కూడా నేను అంత నిశ్శబ్దంగా కూర్చోలేదు.

అయినా భయం పోలేదు. తోలు ఎంత ముందుకొస్తే అంతగా మనసు పీకేది, కాలు ఆయన ప్రాణం తిని మానుతోందా అని. అత్తతో అంటే, "ఇంక తెగలే" అనేది పొట్ట మీద చెయ్యి పెట్టుకుని.

ఎండాకాలంలో కబురు వచ్చింది, ఆయన నల్లగొండ జైల్లో ఉన్నాడని. బండిలో కొంతదూరం, మిగతాది కర్ర పట్టుకుని నడిచాను. అత్త పక్కనే నడిచింది, చెయ్యి ఇవ్వలేదు. "నడువు, నీ కాలే గద" అంది.

ఆయన కమ్మీల అవతల నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. నన్ను పైనుంచి కిందికి చూసి, ఎడమ పాదం దగ్గర ఆగిపోయాడు.

"కడెమేది? నేను సచ్చిన్నని చెప్పిండ్రా?"

"ఎవరు చెప్పలే. మీ అమ్మ తీసింది."

అత్త ముందుకొచ్చింది. "తీసిన. సచ్చినవా? లేదుగద. ఇగ కాలు జూడు."

నేను చీర కొంచెం పైకెత్తి, పాదం అడ్డకమ్మీ మీద పెట్టాను. సంత్రీ "ఏయ్, కాలు దింపు" అని అరిచాడు. ఎవరూ వినలేదు. ఆయన కిందికి వంగి, కమ్మీల మధ్య నుంచి వేలు పెట్టి, మూసుకున్న తోలు మీద మెల్లగా రాశాడు. తెరిచి ఉన్నప్పుడు చూసిన మనిషి.

"ఎవరు కుట్టిండ్రు?"

"ఎవరు కుట్టలే. అదే కలుసుకున్నది."

నమ్మలేదు. మళ్ళీ రాశాడు. తర్వాత వెనక్కి తిరిగి లోపలివాళ్ళను పిలిచాడు, "ఓ అన్నా, జర గిటు రా. గిది జూడు" అని. ఒక్కొక్కరే వచ్చారు. పరాయి మగవాళ్ళు అంతమంది నా కాలి మీదికి వంగి చూస్తుంటే చీర దింపుకోవాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. నేనూ వాళ్ళతోపాటు వంగి చూశాను.