తోడేలు బొరియ దగ్గర ఆరుగురు

పద్మిని కెనడాలోని హామిల్టన్‌లో ఒక ఆసుపత్రి కింది అంతస్తులో పనిచేస్తుంది. ఆపరేషన్లయ్యాక రక్తం అంటిన కత్తెర్లు, పటకార్లు ఆమె బల్ల మీదికి వస్తాయి. వాటిని కడిగి, భూతద్దం కింద చూసి, ఆవిరి యంత్రంలోకి పంపడం పదకొండేళ్లుగా ఆమె పని. కడగకుండానే కడిగామని సంతకం పెట్టేవాళ్లంటే ఆమెకు మొదటి నుంచీ రోత. ఆ రోత ఆసుపత్రి గోడల మధ్యే ఉండిపోతే బతుకు సుఖంగా సాగేది. మనుషుల్ని కూడా అదే భూతద్దం కింద పెట్టి చూడటం ఆమెకు అలవాటైపోయింది.

తీరిక దొరికినప్పుడు టొరంటో నుంచి వెలువడే ఒక తెలుగు మాసపత్రికకు రాసేది. సరస్సు ఒడ్డున వాలే కొంగల గురించి, నీళ్లు గడ్డకట్టాక బాతులు ఎక్కడికి పోతాయన్న దాని గురించి. చదివేవాళ్లు వందమంది ఉంటే గొప్ప. సంపాదకుడు భరద్వాజ్‌కు అసలు వృత్తి ఇళ్లు అమ్మిపెట్టడం. పత్రికలో సగం పేజీల్లో అతని ఫొటో, మిగతా సగంలో అతను అమ్మే ఇళ్లు ఉండేవి.

నిరుడు నవంబరులో అతను ఫోన్ చేశాడు. ఒక ట్రావెల్ కంపెనీ ఇథియోపియా కొండల్లో టూరిజం ప్రచారం కోసం మీడియా వాళ్లను తీసుకెళ్తోందనీ, విమానం నుంచి గుర్రం దాకా అన్నీ వాళ్లే చూసుకుంటారనీ చెప్పాడు. గుర్రాల మాట ఆమె పట్టించుకోలేదు. ఆ కొండల్లో తప్ప ఎక్కడా కనిపించని ఎర్ర తోడేళ్లు కొన్ని వందలే మిగిలాయని ఆమెకు తెలుసు. వాటి కోసం ఒప్పుకుంది.

వెళ్లింది ఏడుగురు. ఎయిర్‌పోర్టులోనే కంపెనీ పేరు కుట్టిన జాకెట్లు పంచారు. ఫ్రీగా ఇస్తే ఫినాయిల్ అయినా తాగే జాతి అని మనసులో అనుకుంటూనే పద్మిని తన జాకెట్ తొడుక్కుంది. బృందానికి భరద్వాజ్ పెద్ద అయితే, దేశం పడమటి కొసన సర్రీ నుంచి వచ్చిన అచ్యుత్ పెళ్లికొడుకు. అతని వీడియోలకు లక్షల్లో చూపరులు. దారిలో ఒక పల్లె దగ్గర జీపు ఆపించి, నీళ్లు మోసుకొస్తున్న ఆడవాళ్ల పసుపు ప్లాస్టిక్ డబ్బాలు ఫ్రేమ్‌ను పాడుచేస్తున్నాయన్నాడు. కుండలు తెమ్మన్నాడు. కుండలు లేవని వాళ్లు నవ్వి వెళ్లిపోయారు. అతను ముఖం మాడ్చుకున్నాడు.

వాళ్లను నడిపించే గైడు కెబెడె. ఇరవై ఏళ్లుగా ఆ కొండల్లో తిరుగుతున్న మనిషి. ఆయన పేరు అడిగింది పద్మిని ఒక్కతే. మిగతావాళ్లకు ఆయన ‘గైడ్’, అంతే.

ఐదోరోజు పొద్దున నాలుగు వేల మీటర్ల ఎత్తున, గడ్డి తప్ప చెట్టు లేని బయలులో, కెబెడె దూరంగా ఒక రాళ్లగుట్ట చూపించాడు. అందులో తల్లి తోడేలు, నెల రోజుల పిల్లలు ఉన్నాయనీ, ఇక్కడి నుంచి ఒక్క అడుగు ముందుకు వేయొద్దనీ చెప్పాడు. ఇంతలో బృందంలోని రేడియో యాంకరుకు ఎత్తు పడక వాంతులయ్యాయి. ఆమెను జీపులో కిందికి దింపడానికి ఆయన వెళ్లాడు.

జీపు కనుమరుగయిందో లేదో, అచ్యుత్ డ్రోన్ పైకి లేపాడు. అది బొరియ మీద గిర్రున తిరిగింది. తర్వాత లంచ్ డబ్బాలోంచి కోడిముక్క తీసుకుని ముందుకు నడిచాడు. వెనకాలే మిగతావాళ్లు ఫోన్లు పట్టుకుని. పద్మిని వద్దంది.

“ఆంటీ, రెండు నిమిషాలు. మళ్లీ ఇలాంటి షాట్ దొరకదు,” అన్నాడు అచ్యుత్.

ఆమె కూడా వాళ్ల వెంట వెళ్లింది. ఆపడానికే వెళ్లానని తర్వాత తనకు తాను చెప్పుకుంది గానీ, దగ్గర నుంచి చూడాలన్న యావ కూడా ఉందని ఆమెకు తెలుసు.

తల్లి తోడేలు బయటికి వచ్చి ఆరుగురినీ చూసింది. అరవలేదు, కరవలేదు. లోపలికి వెళ్లి ఒక పిల్లను నోట కరుచుకుని గుట్ట అవతలికి పరుగెత్తింది. మళ్లీ వచ్చింది. అలా నాలుగు సార్లు. ఐదోదాని కోసం వచ్చేలోపు వడగళ్లు మొదలయ్యాయి. అప్పటికీ వాళ్లు కదల్లేదు. తల్లి దూరంగా నిలబడి చూసి చూసి వెళ్లిపోయింది. మర్నాడు ఉదయం ఆ ఐదో పిల్ల బొరియ వాకిట్లో కట్టెలా పడి ఉంది. అచ్యుత్ దాన్ని కూడా వీడియో తీశాడు. వెనక విషాద సంగీతం పెట్టి, ప్రకృతి ఎంత కఠినమైనదో చెప్పాడు. రాత్రికే తిరిగొచ్చిన కెబెడె ఆ పిల్లను కప్పిపెట్టాడు.

ఆ వీడియో ఊరూవాడా తిరిగి చివరికి అక్కడి పార్కు అధికారుల కంటపడింది. వాళ్లు కంపెనీని సంజాయిషీ అడిగారు. జనవరిలో ఒక ఆదివారం భరద్వాజ్ సంజాయిషీ కాగితంతో హామిల్టన్‌లో పద్మిని ఇంటికి వచ్చాడు. లోకల్ గైడే తమను బొరియ దాకా తీసుకెళ్లాడని అందులో ఉంది. కింద ఆరు సంతకాలు. కిందికి దిగిపోయిన యాంకరు కూడా చూసినట్టే సంతకం పెట్టింది.

“ఫార్మాలిటీ పద్మిని గారూ. అతనికేమీ అవదు, అక్కడ ఇవన్నీ మామూలే. లేకపోతే మన పత్రికని మళ్లీ ఏ ట్రిప్పుకీ పిలవరు.”

“ఆయన పేరు చెప్పండి, సంతకం పెడతా,” అంది పద్మిని.

భరద్వాజ్ కాగితంలో వెతికాడు. అందులో పేరు లేదు. కాఫీ చల్లారేదాకా కూర్చుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

ఆ వారమే ఆమె పార్కు ఆఫీసుకు ఉత్తరం రాసింది. ఏ వేళకు ఎవరు ఎక్కడున్నారో, డ్రోన్ ఎవరిదో రాసి, టైము పడిన తన ఫొటోలు జతచేసింది. బొరియ దాకా వెళ్లిన ఆరుగురిలో తానూ ఒకతెనని మొదటి వాక్యంలోనే రాసింది. పత్రికలో ఆమె పేరు కనిపించడం ఆగిపోయింది. ఉగాది సభలో అచ్యుత్‌కు ఉత్తమ యాత్రికుడని శాలువా కప్పారు. కప్పింది భరద్వాజే. పద్మిని మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టకుండా చూసింది. పక్కావిడ ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

మేలో కెబెడె నుంచి మెయిల్ వచ్చింది. ఆరు సంతకాల కాగితం చూసి నాలుగు నెలలు పని లేకుండా కూర్చోబెట్టారనీ, ఆమె ఉత్తరం అందాక విచారణ జరిపి లైసెన్సు తిరిగి ఇచ్చారనీ రాశాడు. నాలుగు పిల్లల్లో మూడు బతికాయి. ఎక్కడా కృతజ్ఞత చెప్పలేదు. చివర ఒక్క ప్రశ్న అడిగాడు: మిగతావాళ్ల సంగతి నాకు అర్థమైంది, మీరెందుకు వెళ్లారు?

నాలుగోరోజు భోజన విరామంలో పద్మిని, ఏ సాకూ చేర్చకుండా రాసి పంపింది: “నాకూ చూడాలనిపించింది.”