బాబాయిగారికి తిప్పి చూపిన గీత

మొగల్తూరు దగ్గర నిక్షేపంలాంటి రొయ్యల చెరువుకు నేను చావుకబురు చెప్పిన వైనం వినండి. విన్నాక నన్ను తిట్టండి గానీ, నాకు చదువు చెప్పిన మాస్టార్లను మాత్రం తిట్టకండి.

అప్పుడే బయోటెక్నాలజీ పాసై ఒక ల్యాబ్‌లో చేరాను. జన్యువులను కత్తిరించే క్రిస్పర్ అనే కత్తెరతో, రొయ్యలను చంపే విబ్రియో బాక్టీరియాను పట్టుకునే కిట్ మాది. చెరువు నీళ్ళలో దాని డీఎన్‌ఏ ఉంటే కాగితపు స్ట్రిప్ మీద పై గీత వస్తుంది. లేకపోతే కింది గీత. చంటిపిల్లలు కూడా చెప్పేస్తారు.

ట్రయల్‌కి మా బాబాయిగారి చెరువే దొరికింది. గట్టు మీద షెడ్డులో బల్లకు అటు ఆయన, ఇటు నేను. గీత వచ్చింది. మా ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఏ కాగితం ఇచ్చినా వాళ్ళవైపు తిప్పి ఇవ్వాలి. అలాగే ఆయన ముందు పెట్టి, ఇటునుంచి మెడ సాచి చదివాను.

"బాబాయిగారూ, పై గీతండీ! విబ్రియో!"

ఆయన మొహం పాలిపోయింది. "ఇంకో మూడు వారాల్లో రొయ్యల పట్టుబడి కదమ్మా! ఇప్పుడే పట్టేస్తే చీమల్లా ఉంటాయి."

"ఆగితే ఆ చీమలు కూడా మిగలవండి."

ఆయన్ని చూస్తే ఏడుపొచ్చింది. నిజం చెప్పొద్దూ, కిట్ పనిచేసిందని లోపల్లోపల సంతోషం కూడా వేసింది. ఫోన్ల మీద ఫోన్లు వెళ్ళాయి. ఐసు లారీ వచ్చింది. మనుషులు వలలతో నీళ్ళలోకి దిగబోతున్నారు.

ఇంతలో టీ తెచ్చిన పిన్ని బల్ల మీదకు వంగింది. "ఏమ్మా, ఈ స్ట్రిప్ మీద బాణం గుర్తు ఎటుండాలి?"

"పైకండి పిన్నీ."

"నీకెటుంది?"

చూశాను. "...కిందికండి."

అతి వినయం ధూర్త లక్షణం అంటారు. నా విషయంలో అది శుద్ధ మూర్ఖ లక్షణం. బాబాయిగారికి మాత్రం క్షణంలో అర్థమైపోయింది. లుంగీ ఎగ్గట్టి గట్టు మీద ఒకటే పరుగు.

"ఆగండర్రా! రోగం చెరువుక్కాదు, మా అమ్మాయికి!"

మూడు వారాలకు రొయ్యలు బ్రహ్మాండంగా పెరిగాయి. నా పరువే ఇంకా పెరగలేదు. మొన్న నా పెళ్ళి శుభలేఖను రెండు చేతులా అందిస్తే, బాబాయిగారు దాన్ని తలకిందులుగా తిప్పి, "పెళ్ళికొడుకుది పై పేరా, కింది పేరా?" అని అడిగారు.

అందుకే గోదారమ్మ సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఎదురుగా ఎంతటి పెద్దలున్నా సరే, ఇకమీదట బల్ల చుట్టూ తిరిగి వాళ్ళ పక్కన నిలబడి గానీ గీత చదవను. శుభలేఖైనా అంతే.